పొరుగువారు నేర్పే ఎడారి తోట

విత్తనాల ప్యాకెట్ వెనక ‘బాగా ఎండ తగిలే చోట, చలి పూర్తిగా తగ్గాక నాటండి’ అని అచ్చువేసి ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలకు ఆ సలహా సరిపోతుంది. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో దాన్ని నమ్మి మే నెలలో టమాటా నారు పెడితే మొక్క బతికినా, పూత వచ్చినా, కాయ నిలవదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా పాతిక డిగ్రీల కిందికి దిగకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది, పూలు రాలిపోతాయి. అక్కడ టమాటా నారు నాటాల్సింది ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్యలోపు. కొత్తగా ఆ ఊరొచ్చి ఇల్లు తీసుకున్నవారికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? ప్యాకెట్ చెప్పదు. దుకాణంలో మే నెలలోనూ నారు దొరుకుతూనే ఉంటుంది. ఆ ఊళ్లో చాలామందికి ఈ మాట చెప్పేది పొరుగువారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం దగ్గర శిక్షణ పొంది, జీతం లేకుండా గ్రంథాలయాల్లో, సంతల్లో, ఫోన్లలో ఎడారి తోటపని నేర్పే స్వచ్ఛంద సేవకులు వాళ్లు. వాళ్లను మాస్టర్ గార్డెనర్లంటారు. వాళ్లు చేసే పనిని విశ్రాంత జీవుల కాలక్షేపంగా చూడడం పొరపాటనీ, నీటికి కరువొచ్చిన నగరాలు దాన్ని తాగునీటి సరఫరాలో భాగంగా లెక్కగట్టి డబ్బు పెట్టాలనీ నా అభిప్రాయం.

ఎందుకంటే ఎడారి తోటపని పుస్తకం చూసి పట్టుబడే విద్య కాదు. ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 180 మిల్లీమీటర్లు. అదీ రెండు విడతలు: చలికాలంలో నెమ్మదిగా పడే జల్లులు కొన్ని, జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా గాలిదుమారాలతో వచ్చే రుతుపవనాల వాన కొంత. అందుకే అక్కడ పంటకాలాలూ రెండు. అక్టోబరులో క్యారెట్లు, ఆకుకూరలు వేసుకోవాలి. ఎండలు ముదిరాక బెండ, అలసంద, చిలగడదుంప తప్ప చాలా మొక్కలు ఓర్చుకోలేవు. నేల క్షార స్వభావం గలది, ఉదజని సూచిక 8 దాటి ఉంటుంది. మట్టిలో సేంద్రియ పదార్థం ఒక శాతం కూడా ఉండదు. చాలాచోట్ల గడ్డపార దిగనంత గట్టి సున్నపు పొర ఒకటి అడ్డుపడుతుంది. అక్కడివాళ్లు దాన్ని కలీచీ అంటారు. ఆ పొర మీద గొయ్యి తవ్వి చెట్టు నాటితే నీరు కిందికి ఇంకదు, వేర్లు కుళ్లిపోతాయి. గొయ్యిలో ముందు నీళ్లు నింపి, కొన్ని గంటల్లో ఎంత ఇంకిందో చూసుకుని నాటాలని సేవకులు మొదటి పాఠంలోనే చెప్పడం అందుకే. వానలు మెండుగా ఉండే తూర్పు రాష్ట్రాల్లో పొయ్యి బూడిద, సున్నం చల్లితే మట్టి బాగుపడుతుంది. అదే పని ఇక్కడ చేస్తే అసలే క్షారంగా ఉన్న నేల మరింత చెడుతుంది. ఒకచోట మంచి సలహా మరొకచోట నష్టం తెచ్చే విద్య ఇది. అలాంటి విద్య చెప్పేవాళ్లు ఆ నేల మీద ఉన్నవాళ్లే అయి ఉండాలి.

ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో చూస్తే దాని బలం తెలుస్తుంది. 1914లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన స్మిత్-లీవర్ చట్టంతో కేంద్రం, రాష్ట్రం, కౌంటీ (జిల్లా వంటిది) మూడూ ఖర్చు పంచుకుని రైతుకు విశ్వవిద్యాలయపు పరిజ్ఞానం అందించే విస్తరణ సేవలు మొదలయ్యాయి. కౌంటీకి కొద్దిమంది అధికారులే ఉండేవారు. నగరాలు పెరిగేకొద్దీ రైతుల కంటే పెరటి తోటలవాళ్ల ఫోన్లు ఎక్కువై వాళ్లకు ఊపిరాడని పరిస్థితి వచ్చింది. 1972లో వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్, టకోమా నగరాలున్న కౌంటీల విస్తరణ అధికారులు ఒక ఉపాయం ఆలోచించారు: మొక్కల మీద ఆసక్తి ఉన్న పౌరులకు తామే పాఠాలు చెప్పి, బదులుగా వాళ్లు తోటి పౌరుల ప్రశ్నలకు జవాబులిచ్చేలా మాట తీసుకోవడం. అది దేశమంతా పాకింది. అరిజోనాలో ఈ కార్యక్రమాన్ని అరిజోనా విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం నడుపుతోంది. వారాల తరబడి తరగతులు, ఆ తర్వాత తొలి ఏడాది దాదాపు 50 గంటల సేవ, ఆపైన ఏటేటా మరికొంత సేవ, మరికొంత చదువు. పరిశోధన నిగ్గుతేల్చిన సంగతే చెప్పాలి, ఏ కంపెనీ సరుకునూ సిఫారసు చేయకూడదు, ఆ హోదాను వ్యాపారానికి వాడుకోకూడదు. నా దృష్టిలో సేవాభావం కంటే ఈ కట్టుబాట్లే ఈ ఏర్పాటుకు ప్రాణం. మంచి మనసున్న పొరుగువాడు ఎక్కడైనా దొరుకుతాడు. తన సలహాకు ఒక విశ్వవిద్యాలయానికి జవాబుదారీగా ఉండే పొరుగువాడు దొరకడం అరుదు.

వాళ్లు చెప్పే పాఠాల్లో అన్నిటికంటే విలువైనది నీరు పెట్టడం. ఇంటి ముందు మొక్క వాడినట్టు కనబడితే ఎవరైనా చేసేది ఒకటే: పైపు పట్టుకుని సాయంత్రం ఓ పది నిమిషాలు తడపడం. మర్నాడు మళ్లీ అదే. ఎడారిలో మొక్కలు దిగజారిపోయే తీరు సరిగ్గా ఇదే. కొలరాడో నది నుంచి వచ్చే నీటిలో లీటరుకు సుమారు 600 మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. పైపైన తడిపితే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైపొరలో మిగిలిపోతుంది. కొన్నాళ్లకు మట్టి మీద తెల్లటి పొర తేలుతుంది, ఆకుల కొసలు మాడతాయి. మాడాయని ఇంకాస్త నీరు పోస్తారు. సేవకుల చేతిలో ఒక సన్నటి ఇనుప కడ్డీ ఉంటుంది. నీరు పెట్టిన తర్వాత దాన్ని మట్టిలో గుచ్చుతారు. తడిసినంత మేర సులువుగా దిగి, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. చిన్న మొక్కకు అడుగు, పొదకు రెండడుగులు, చెట్టుకు మూడడుగుల లోతు వరకూ తడవాలి. అంతవరకూ ఇంకేలా నెమ్మదిగా పెట్టి, తర్వాత చాలా రోజులు వదిలేయాలి. అప్పుడు ఉప్పు వేర్ల కిందికి దిగిపోతుంది, వేర్లూ నీటి వెంట లోతుకు వెళతాయి. పాదు కూడా కాండానికి ఆనుకుని కాదు, కొమ్మల చివరల కిందికి, చెట్టు పెరిగేకొద్దీ వెడల్పుగా జరపాలి. నారింజ, నిమ్మ చెట్ల మొదళ్లు ఎండకు పగులుతాయి కనుక కింది కొమ్మలు నరకకుండా ఉంచాలి, బయటికి కనిపించే కాండానికి తెల్లరంగు పూయాలి. ఆకు పసుపుబారి ఈనెలు పచ్చగా ఉంటే చాలాసార్లు అది దాహం కాదు, క్షార నేలలో ఇనుము అందకపోవడం. ఎక్కువ నీరు దాన్ని ముదరబెడుతుంది. ఇవన్నీ చదివితే ఒక పేజీ. ఆ కడ్డీ తన చేత్తో గుచ్చి, నిన్న పోసిన నీరు నాలుగు అంగుళాలే దిగిందని చూసినవాడు మాత్రం మళ్లీ రోజూ పైపు పట్టడు.

నీటి ఆదాకు మొక్కలు మారిస్తే చాలదా, మనిషిని మార్చడం దేనికని అడగొచ్చు. పచ్చిక తీసేసి ఎడారి మొక్కలు పెడితే నిజంగానే ఆదా ఉంది. నెవాడాలోని లాస్ వేగస్ ప్రాంతానికి నీరందించే సంస్థ 2005లో వెలువరించిన అధ్యయనంలో, పచ్చిక స్థానంలో ఎడారి మొక్కలు పెట్టినచోట చదరపు మీటరుకు ఏటా 2,200 లీటర్లకు పైగా నీరు మిగిలింది. ఆ సంస్థ పచ్చిక తీసేవారికి డబ్బు కూడా చెల్లించింది. 2021లో నెవాడా ప్రభుత్వం అలంకారానికి తప్ప పనికిరాని పచ్చికకు కొలరాడో నది నీరు వాడడాన్ని 2026 ముగిసేలోగా ఆపేయాలని చట్టమే చేసింది. అయితే ఫీనిక్స్‌లో ఇళ్ల తోటలను పరిశీలించిన అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు ఇంకో సంగతి తెలిసింది. ఎడారి మొక్కలు, గులకరాళ్లు పరిచిన ఇళ్లు కూడా పచ్చిక ఇళ్లకు తీసిపోనంత నీరు వాడుతున్నాయి. బొట్టు బొట్టుగా నీరు పెట్టే డ్రిప్ గొట్టాలు పెట్టించుకున్నారు, వాటిని నడిపే గడియారాన్ని మాత్రం జులైకి పెట్టిన లెక్క మీదే జనవరిలోనూ వదిలేశారు. మెస్కీట్, పాలో వెర్డే వంటి ఎడారి చెట్లకు మితిమీరి నీరు పెడితే అవి వేగంగా, బలహీనంగా పెరిగి, రుతుపవనాల గాలికి వేర్లతో సహా పడిపోతాయి. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొక్క నీటిని ఆదా చేయగలదు. ఆదా చేసేది గడియారం మీద చెయ్యి వేసే మనిషి. పచ్చిక తీసినందుకు డబ్బిచ్చి, కొత్త తోటకు నీరు ఎంత పెట్టాలో నేర్పకపోతే సగం పనికే ఖర్చు పెట్టినట్టు.

అరిజోనాలోనే ఉన్న టూసాన్ నగరం ఈ సంగతి గ్రహించింది. అయితే మొదట గ్రహించింది నగరపాలక సంస్థ కాదు, అక్కడి ఒక పేట. డన్‌బార్ స్ప్రింగ్ అనే పాత పేటలో బ్రాడ్ లాంకాస్టర్ అనే నివాసి, ఆయన ఇరుగుపొరుగు 1996 నుంచి ఏటా వీధుల వెంట చెట్లు నాటుతూ వచ్చారు. వానొచ్చినప్పుడు రోడ్డు మీద పారి మురుగు కాలువలో కలిసే నీటిని ఆ చెట్ల పాదుల్లోకి మళ్లించడానికి రోడ్డంచు రాతికట్టకు గండ్లు కొట్టారు. అప్పటికి అది చట్టవిరుద్ధం. చెట్లు బతికాయి, నీడ వచ్చింది, వీధిలో వాననీరు నిలవడం తగ్గింది. తర్వాత నగరం ఆ పద్ధతిని చట్టబద్ధం చేసింది. లాంకాస్టర్‌కు ఈ విద్యలో స్ఫూర్తినిచ్చింది జింబాబ్వేలోని ఒక మెట్టప్రాంతపు రైతు, జెఫనాయా ఫిరీ మసేకో. తన కొండవాలులో రాతికట్టలు, గుంటలతో వాననీటిని ఇంకించి బంగారు పంట పండించిన మనిషి. 2008లో టూసాన్ వాణిజ్య భవనాల తోటలకు కావాల్సిన నీటిలో సగం వాననీటి నుంచే రావాలని నిబంధన పెట్టింది. 2012 నుంచి వాననీరు పట్టుకునే ఇళ్లకు 2,000 డాలర్ల వరకూ తిరిగిచ్చే పథకం పెట్టింది. ఆ పథకంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే షరతు ఒకటుంది: ముందు ఒక శిక్షణ తరగతికి హాజరైతేనే డబ్బు. ట్యాంకు కొన్నంత మాత్రాన నీరు ఆదా కాదనీ, ముందు నేర్చుకోవాలనీ ఒక నగరం తన ఖజానా నియమంగా రాసుకుంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 180 మిల్లీమీటర్ల వాన పడినా 18,000 లీటర్లు. ఆ నీరు ఏ చెట్టుకు, ఏ వాలులో, ఎంత లోతు గుంటలో చేరాలన్నది ఆ వీధి నేల తెలిసినవాళ్లే చెప్పగలరు.

ఎడారిలో అసలు తోటలే ఎందుకన్నది గట్టి అభ్యంతరమే. అరిజోనా నీటిలో 70 శాతానికి పైగా వ్యవసాయానికే పోతోంది. పెరటి తోటలు ఆదా చేసేదెంత? పైగా కొలరాడో నదికి 2021 ఆగస్టులో చరిత్రలో తొలిసారి నీటి కొరత ప్రకటించారు. మరుసటి ఏడాది ఆ నది నుంచి అరిజోనాకు రావాల్సిన వాటాలో 18 శాతం కోతపడింది. 2007లో రాసుకున్న పంపకాల మార్గదర్శకాల గడువు 2026తో ముగుస్తుంది. ఇలాంటప్పుడు తోటలు నేర్పడం వృథా ఖర్చును ప్రోత్సహించడం కాదా? కాదు. అరిజోనా ఇళ్లలో వాడే నీటిలో సగానికి పైనే ఆరుబయట పోతోంది. ఆ నీరు ఇప్పటికే ఖర్చవుతోంది. నేర్పినా నేర్పకున్నా జనం ఇంటి ముందు ఏదో ఒకటి పెడతారు. నేర్పితే అది మెస్కీట్ చెట్టవుతుంది, నేర్పకపోతే పచ్చికో, ఎండకు కాలే గులకరాళ్లో అవుతుంది. గులకరాళ్లు నీరు అడగవు, కానీ పగటి వేడిని పట్టి రాత్రంతా వదులుతాయి. ఇది చిన్న సంగతి కాదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 43 డిగ్రీల పైనే ఉంది. ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో వేడి వల్ల 645 మంది చనిపోయారని కౌంటీ ఆరోగ్యశాఖ లెక్క. వాళ్లలో దాదాపు సగం మందికి ఇల్లే లేదు. తోటపాఠాలు ఆ మరణాలను ఆపేస్తాయనడం అబద్ధం. అయినా బస్సు కోసం నిలబడే మనిషికి, నడిచి బడికి వెళ్లే పిల్లలకు నీడ ఒక అవసరం. నగర విస్తీర్ణంలో నాలుగో వంతుకు చెట్ల నీడ ఉండాలని ఫీనిక్స్ 2010లో లక్ష్యం పెట్టుకుంది. మునిసిపాలిటీ నాటిన చెట్టుకు మొదటి రెండు మూడేళ్లు ఎవరో సరిగ్గా నీరు పెట్టాలి. ఆ ఎవరో ఆ వీధివాళ్లే.

మరి ఈ మాస్టర్ గార్డెనర్లు శాస్త్రవేత్తలు కాదుగా, తప్పు చెబితే? అన్నీ యూట్యూబ్‌లో దొరుకుతున్నాయిగా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. వీడియో చేసినవాడు కాలిఫోర్నియా తీరంలో ఉండొచ్చు, ఫ్లోరిడాలో ఉండొచ్చు. చూసేవాడికి ఆ తేడా తెలియదు. వీడియోకు ఎదురు ప్రశ్న వేయలేం. మాస్టర్ గార్డెనర్లు నడిపే మొక్కల క్లినిక్‌లో బల్ల అవతల కూర్చున్న సేవకురాలు వాడిన ఆకు చూడగానే సమాధానం చెప్పదు. నీరు ఎన్నాళ్లకోసారి పెడుతున్నారు, ఎంతసేపు, మొక్క గోడకు పడమరగా ఉందా తూర్పుగా ఉందా, ఎప్పుడు నాటారు అని అడుగుతుంది. తనకు తెలియనిదైతే విశ్వవిద్యాలయం వాళ్లకు పంపిస్తుంది. పశ్చిమ గోడకు ఆనుకున్న మొక్క మధ్యాహ్నం తర్వాత ఎదుర్కొనే వేడి, అదే ఇంటికి తూర్పున ఉన్న మొక్క ఎదుర్కోదు. ఈ వివరం ప్రశ్నలో బయటపడాల్సిందే తప్ప సమాధానాల పట్టికలో దొరకదు. తప్పులు దొర్లవా అంటే దొర్లుతాయి. అందుకే ఏటేటా చదువు తప్పనిసరి, అందుకే సలహా విశ్వవిద్యాలయం ప్రచురించిన కరపత్రాన్ని ఆధారం చేసుకుని ఇవ్వాలన్న నియమం. ఆ నియమం సడలిన రోజున వీళ్లకూ వీధి చివర సలహాలిచ్చేవారికీ తేడా ఉండదన్నది నిజమే.

ఈ పని తీరిక, పెరడు రెండూ ఉన్నవారిదన్న విమర్శ నాకు అన్నిటికంటే బరువైనదిగా కనిపిస్తుంది. పగటిపూట తరగతులకు రాగలిగేది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు. సొంత పెరడు ఉండేది సొంత ఇల్లు ఉన్నవాళ్లకు. చెట్లు అతి తక్కువగా ఉండేది, వేడి అతి ఎక్కువగా ఉండేది దక్షిణ ఫీనిక్స్ లాంటి పేదల పేటల్లో. అక్కడ చాలామంది అద్దెకు ఉంటారు, స్పానిష్ మాట్లాడతారు. ఈ విమర్శకు జవాబు కార్యక్రమాన్ని తీసేయడం కాదు, దాన్ని ఆ పేటలకు నడిపించడం. టూసాన్ ఉన్న పీమా కౌంటీ గ్రంథాలయాలు 2012 నుంచి పుస్తకాల్లాగే విత్తనాలనూ ఇస్తున్నాయి. లైబ్రరీ కార్డు ఉంటే చాలు, పెరడు లేకపోయినా కుండీలో వేసుకోవచ్చు. తరగతులు సాయంత్రాల్లో, స్పానిష్‌లో, చర్చిల్లో, అద్దె ఇళ్ల ప్రాంగణాల్లో జరగాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఎడారిలో సేద్యం విశ్వవిద్యాలయం కనిపెట్టింది కాదు. ఇప్పటి ఫీనిక్స్ నేల మీద హోహోకం ప్రజలు వందల మైళ్ల కాలువలు తవ్వి శతాబ్దాల పాటు పంటలు పండించారు. వాళ్ల వారసులుగా చెప్పుకునే ఓదమ్ తెగలవాళ్లు ఒకటి రెండు వానలకే పండే టెపరీ చిక్కుళ్లను ఇప్పటికీ సాగు చేస్తున్నారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన వలసదారులు హీలా నది నీటిని మళ్లించుకోవడంతో వాళ్ల పొలాలు ఎండిపోయాయి, తిండి మారింది, మధుమేహం ఆ తెగలను పీడించింది. 1983లో టూసాన్‌లో మొదలైన నేటివ్ సీడ్స్ సర్చ్ సంస్థ ఆ విత్తనాలను కాపాడి పంచుతోంది. తోటపాఠం చెప్పే సేవకుడు ఆ విత్తనం ఎవరిదో, ఆ నీరు ఎవరి దగ్గర నుంచి పోయిందో కూడా చెప్పాలి. దీన్ని వదిలేసిన ఎడారి తోటపని అసంపూర్ణం.

ఇందులో తెలుగువారి పాత్ర కూడా ఉంది. ఫీనిక్స్ శివార్లలోని చాండ్లర్, గిల్బర్ట్‌లలో చిప్ పరిశ్రమ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మిగతావాళ్ల తోటలు వెలవెలబోయే జులై, ఆగస్టుల్లో మన బెండ, గోంగూర, అలసంద, మునగ అక్కడ బాగా కాస్తాయి. వేసవి కూరగాయల విషయంలో ఆ ఊరికి మనవాళ్లు నేర్పగలిగింది ఉంది. నేర్చుకోవాల్సిందీ ఉంది. కరివేపాకు మొక్క మీద బతికే ఆసియా సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగు నారింజ జాతి చెట్లను చంపే పచ్చబారుడు తెగులును మోసుకెళుతుంది. ఫ్లోరిడాలో 2005లో ఆ తెగులు బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు ఏళ్ల తరబడి కుప్పకూలుతూ వచ్చాయి. ఈ పురుగు 2009లో అరిజోనాలోనూ కనిపించింది. అందుకే వేరే రాష్ట్రం నుంచి బంధువులు తెచ్చే కరివేపాకు మొక్క, ఇండియా నుంచి సంచిలో వచ్చే తాజా రెబ్బలు అక్కడ నియంత్రణల కిందికి వస్తాయి. వంటింటి ప్రేమతో తెచ్చుకునే ఒక రెబ్బ పొరుగువాడి నిమ్మచెట్టుకు ముప్పు కావచ్చు. ప్రభుత్వ వెబ్‌సైటులో నిబంధన చదివి దాన్ని పాటించే కుటుంబాలు కొద్ది. ఉగాది వేడుకలో, గుడిలో ఎవరైనా తెలుగు మాట్లాడే మాస్టర్ గార్డెనర్ ‘తనిఖీ చేసిన స్థానిక నర్సరీలోనే కొనండి వదినా’ అని చెబితే ఆ మాట వెళుతుంది. అక్కడి తెలుగు సంఘాలు ఏటా కొందరినైనా ఆ శిక్షణకు పంపాలి.

జీతం లేని సేవ మీద నడిచే వ్యవస్థ ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పిస్తుందన్న అనుమానమూ సరైనదే. అయితే తొలినుంచీ ఈ పథకం అధికారి స్థానంలో సేవకుణ్ని పెట్టలేదు. ఒక్క అధికారి చెప్పగలిగినదాన్ని వందమంది నోట పలికించింది. ఆ అధికారి పోస్టు ఖాళీ అయితే శిక్షణ ఆగుతుంది, కొత్త పరిశోధన సేవకులకు చేరదు, ఎవరు ఏం చెబుతున్నారో చూసేవాళ్లుండరు. కొన్నేళ్లకే మిగిలేది పేరు మాత్రమే. కనుక నీటి శాఖలు తమ ఆదా బడ్జెట్లో కొంత నేరుగా కౌంటీ విస్తరణ కార్యాలయాలకు ఇవ్వాలి. రోడ్డంచు గండ్లకో, ట్యాంకు రాయితీలకో ఇచ్చే డబ్బుతో పోలిస్తే ఒక తోట అధికారి జీతం చిన్న మొత్తం.

ఈ చర్చ మనకు చేరువైనదే. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో రాజేంద్రనగర్‌లో ఏర్పడినప్పుడు అమెరికా విశ్వవిద్యాలయాల నమూనాలోనే, కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ సహకారంతో రూపుదిద్దుకుంది. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. కానీ పౌరులను శిక్షణనిచ్చి బోధకులుగా మార్చే పద్ధతి అమెరికాలోనే 1972లో గానీ పుట్టలేదు. మనం తెచ్చుకున్న నమూనాలో ఆ భాగం లేదు, తర్వాత తెచ్చుకోనూ లేదు. రైతుల విషయంలో మనం ముందుకెళ్లాం: ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సేద్యంలో, సాగు చేసి చూపిన రైతులే పారితోషికం మీద ఊరూరా తోటి రైతులకు నేర్పుతున్నారు. 2024లో దానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి దక్కింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చిరుధాన్యాల విత్తనాలు దాచి, పంచి, నేర్పుతూ దశాబ్దాలు దాటాయి. లేనిది పట్టణాల్లో. హైదరాబాద్‌లో మిద్దెతోటల బృందాలు విత్తనాలు, అనుభవాలు ఉత్సాహంగా పంచుకుంటున్నాయి. వాటికి ఏ విశ్వవిద్యాలయంతోనూ కట్టుబాటు లేదు, తప్పు సలహాను సరిదిద్దే యంత్రాంగమూ లేదు.

అనంతపురానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఫీనిక్స్‌కు మూడింతలు. ఫీనిక్స్ మొక్కలను, అక్కడి పంట క్యాలెండర్‌ను ఇక్కడికి తెస్తే ప్యాకెట్ వెనక సలహా నమ్మినట్టే అవుతుంది. తేవాల్సింది ఏర్పాటును. అనంతపురం, హిందూపురం, కదిరి, మహబూబ్‌నగర్ వంటి పట్టణాల్లో బోర్లు ఎండిపోయి ట్యాంకర్లు తిరిగే వేసవులున్నాయి. ఇంటి ముందు కొబ్బరికి, మామిడికి, కుండీలకు రోజూ పైపుతో తడిపే అలవాటూ ఉంది. అనంతపురం దగ్గరి రెడ్డిపల్లిలో ఉన్నటువంటి కృషి విజ్ఞాన కేంద్రమొకటి, ఉపాధ్యాయులు, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా సంఘాల మహిళలు, ఉద్యోగ విరమణ చేసినవాళ్ల నుంచి ఏటా ముప్పై మందిని ఎంచుకుని ఆరు వారాంతాలు శిక్షణనివ్వవచ్చు: పట్టణపు నేల భూసార పరీక్ష చదవడం, ఇంకుడు గుంతల నీటిని చెట్టు పాదుకు మళ్లించడం, ఎండుటాకులు మట్టి మీద కప్పడం, కడ్డీతో తడి చూసుకోవడం, కూరగాయల మీద మందులు కొట్టడం మానడం. బదులుగా ఒక్కొక్కరు ఏడాదికి 50 గంటలు వార్డు కార్యాలయంలోనో, బడిలోనో కూర్చుని ప్రశ్నలకు జవాబివ్వాలి. ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. పేద మహిళలైతే గంటకింత పారితోషికం కూడా ఇవ్వాలి, ఆ విషయంలో అమెరికా పద్ధతిని అనుకరించనక్కర్లేదు. వీటికి ఒక సమన్వయకర్త పోస్టు, కొన్ని కరపత్రాలు, ఒక చిన్న ప్రదర్శన తోట కావాలి. నోటిఫికేషన్ నవంబరులో ఇస్తే శిక్షణ ఫిబ్రవరికి పూర్తవుతుంది, మార్చి ఎండలకు ముందే మొదటి బ్యాచ్ వార్డుల్లో పని మొదలుపెట్టగలదు.